అద్దెగదికి ఎండ వాటా

ఈ మధ్య మా కాకినాడలో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా, కాఫీగ్లాసు చేతికివ్వకముందే డాబామీదికి తీసుకుపోయి చూపించడం ఒక మర్యాద అయిపోయింది. పూర్వం డాబామీద వడియాలు ఎండేవి, మాగాయ ముక్కలు ఎండేవి, పిల్లలు గాలిపటాలు ఎగరేసేవారు. ఇప్పుడు నల్లటి పలకలు దక్షిణదిక్కుకు ముఖం వాల్చుకుని వరుసగా కూర్చుని ఉంటున్నాయి. "మూడు కిలోవాట్లమ్మా! పోయిన నెల కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పుకోండి చూద్దాం" అని ఇంటాయన అడగడమూ, మనం ఏమీ తెలియనట్టు ముఖం పెట్టడమూ, ఆయన అంకె చెప్పగానే "అబ్బో!" అనడమూ మామూలే. ఇల్లాలు మాత్రం వెనకాల నుంచుని, "అప్పడాలు ఆరేసుకోవడానికి జానెడు చోటు లేకుండా చేశారండీ" అని మెల్లిగా అంటుంది.

ఆ ఇంటాయన సంతోషానికి కారణం లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం "పి.యం. సూర్యఘర్" అనే పథకం పెట్టింది. దేశంలో కోటి ఇళ్ళమీద సౌరపలకలు వేయించాలని సంకల్పం. అందుకు కేటాయించిన సొమ్ము రు. 75,021 కోట్లు. ఒక కిలోవాటు పెట్టుకుంటే రు. 30,000, రెండు పెట్టుకుంటే రు. 60,000, మూడుగాని అంతకు మించిగాని పెట్టుకుంటే రు. 78,000 సబ్సిడీ. మిగిలిన సొమ్ముకు జామీను లేకుండా బ్యాంకులు అప్పిస్తాయి. కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు వంద చదరపుటడుగులు కావాలి. మన ఎండలకు అది రోజుకు నాలుగు యూనిట్లదాకా, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు కరెంటు ఇస్తుంది. పగలు మిగిలిన కరెంటు స్తంభానికి పోతుంది. రాత్రి మనకు కావలసింది స్తంభంనుంచి వస్తుంది. నెలాఖరున ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ తీసివేతలు వేసుకుని బిల్లు కడతాము. దీనినే "నెట్ మీటరింగు" అంటున్నారు.

ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే పథకం నిబంధనలలో ఒకదానిని ఒకసారి చదవండి: దరఖాస్తుదారుకు సొంత ఇల్లు ఉండాలి, దానికి పలకలు నిలిచే పైకప్పు ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో ఎంతమంది గడప బయట నిలబడిపోయారో ఆలోచించండి. 2011 జనాభా లెక్కలనుబట్టి పట్టణాలలో నూటికి 27 కుటుంబాలు అద్దె ఇళ్ళవారే. పెంకుటిల్లువారు, రేకులషెడ్డువారు, తాటాకుపాకవారు, నాలుగంతస్తుల మేడలో నడిమి అంతస్తువారు, వీళ్ళంతా ఆ లెక్కకు అదనం. సూర్యుడు అందరిమీదా ఒకేలా కాస్తాడని చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాము. సబ్సిడీ మాత్రం సిమెంటు స్లాబుమీదనే కాస్తుంది.

మా వీధి చివర ఒక మేడ ఉన్నది. దాని వెనకాల పెరట్లో ఆరు గదులు కట్టి అద్దెకిచ్చారు. అందులో ఒక గదిలో మా వీధికంతటికీ ఇస్త్రీ చేసే ఆమె కాపురం ఉంటుంది. బండిమీద ఇస్త్రీ బొగ్గులపెట్టెతోనే చేస్తుంది. కరెంటు ఇస్త్రీపెట్టె కొనుక్కోవచ్చు గదా అని నేనొకసారి తెలివిగా సలహా ఇచ్చాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"యూనిట్టు పది రూపాయలండమ్మగోరూ! ఆ పెట్టె ఎట్టుకుంటే చీరకి నేను తీసుకునేది కరెంటుకే సరిపోద్ది. ఇంట్లో ఫేను తిరుగుతుంటేనే రూపాయిలు తిరుగుతున్నట్టుంటాదండి. మా వోడు ఇంటరు సదువుతున్నాడు గదాని వాడికోసం ఏస్తాను. వాడు పడుకున్నాక తీసేత్తాను."

యూనిట్టు పది రూపాయలా! నాకు నమ్మకం కలగలేదు. ఇంటికి వచ్చి మా బిల్లు తీసి చూశాను. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరలప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కటి 1 రూపాయి 90 పైసలు. ఆపైన 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఆమె గదిలో ఒక ఫ్యాను, రెండు దీపాలు, చిన్న టీవీ, ఒక మిక్సీ ఉన్నాయి. నెలకు అరవై యూనిట్లు కాలుతుంది. విడిగా మీటరు ఉంటే ఆమె కట్టవలసింది మొదటి ముప్ఫయికి 57 రూపాయలు, తరువాతి ముప్ఫయికి 90 రూపాయలు, మొత్తం 147 రూపాయలు. స్థిరచార్జీలూ సుంకాలూ పైన కొద్దిగా ఉంటాయనుకోండి. కాని ఆమె కడుతున్నది 600 రూపాయలు!

ఇంటాయన దుర్మార్గుడా అంటే అదీ కాదు. ఆయనకు ఉన్నది ఒకే మీటరు. ఆరు గదులవీ కలిపి 360 యూనిట్లు, తమ ఇంటిది 150, వెరసి 510. ఆ 510 యూనిట్లకు పైన చెప్పిన లెక్కన 3,620 రూపాయల పైచిలుకు బిల్లు. ఆరు గదులనుంచి వసూలయ్యేది 3,600. అంటే ఆయన తన ఇంటి కరెంటుకు డబ్బు పెట్టడం లేదన్నమాట నిజమే గాని, మీటరు పెద్ద అంకెలోకి ఎక్కడానికి ఆ గదులే కారణమని ఆయన వాదన. ఆరు బీద కుటుంబాలను ఒక్క మీటరుకు కట్టేసినందువల్ల, ఏ.సి. పెట్టుకున్న మహారాజులు కట్టే ధర ఇస్త్రీబండి ఆమె కట్టవలసివస్తున్నది. బీదవారికి చవకగా ఇవ్వాలని ప్రభుత్వం మెట్లు మెట్లుగా ధర పెడితే, వాళ్ళు అందరూ ఒకరి భుజాలమీద ఒకరు నిలబడి పైమెట్టు ఎక్కారు.

కథ ఇంతటితో అయిపోలేదు. పోయిన సంవత్సరం ఆ ఇంటాయన కూడా మూడు కిలోవాట్ల పలకలు వేయించాడు. రు. 78,000 సబ్సిడీ వచ్చింది. నెలకు 360 యూనిట్లదాకా ఎండనుంచి వస్తున్నది. మీటరులో నిఖరంగా తేలేది 150. దానికి 567 రూపాయలు. గదులలో యూనిట్టు ధర మాత్రం పది రూపాయలకు ఒక పైసా తగ్గలేదు.

మాటల సందర్భంలో ఈ విషయం ఆయన దగ్గర ఎత్తాను. ఆయన మా నాన్నగారి ఈడువారు, మంచి మనిషి. కోపగించుకోలేదు.

"చూడమ్మా, సబ్సిడీ పోగా లక్ష రూపాయలు నా చేతినుంచి పడ్డాయి. బ్యాంకు వాయిదా నేను కట్టుకుంటున్నాను. రేపు తుపానులో ఒక పలక ఎగిరిపోతే వాళ్ళొచ్చి వేయిస్తారా? వాళ్ళు అద్దెకున్నారు. నేను ఇల్లు కట్టుకున్నాను. పాతికేళ్ళు ఉద్యోగం చేస్తే కట్టుకున్నాను."

దానికి జవాబేమి చెబుతాము? ఆయన చెప్పినదానిలో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రజల సొమ్ము రు. 78,000 ఆ డాబామీద పడిందనీ, ఆ డాబాకింద ఏడు కుటుంబాలుంటే అది ఒక్క కుటుంబానికే చేరిందనీ అన్నమాట కూడా అబద్ధం కాదు. ఈ రెండు నిజాలనూ కలిపే ఏర్పాటు ఏదైనా లోకంలో ఉన్నదా అని వెదకబట్టే ఈ నాలుగు ముక్కలూ రాయవలసివచ్చింది. తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి వాట్ల లెక్కలెందుకని మా సైన్సు లెక్చరర్లు నవ్వారు. కూడికలూ తీసివేతలూ అందరికీ ఒకటే గదా!

ఉమ్మడి ఎండ

ఏర్పాటు ఉన్నది. దానిని పాశ్చాత్యులు కమ్యూనిటీ సోలార్ అంటారు. మనం ఉమ్మడి సౌరవిద్యుత్తు అనుకుందాం. ఎవరి పొలంలో వారు నుయ్యి తవ్వుకోలేరనే గదా, కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఒక్క ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించింది. నీరు ఒకచోట నిలుస్తుంది, వంతులప్రకారం అందరికీ అందుతుంది. ఇదీ అంతే. ఊరిబయట ఖాళీస్థలంలోనో, బడి కప్పుమీదనో, మార్కెట్టుయార్డు షెడ్డుమీదనో ఒకచోట పెద్ద ఎత్తున పలకలు పెడతారు. దానిలో వంద కుటుంబాలకు వాటాలుంటాయి. నెలనెలా అక్కడ తయారైన యూనిట్లను వాటాల ప్రకారం పంచి, ఎవరి బిల్లులో వారికి తగ్గించి రాస్తారు.

అక్కడి కరెంటు ఈమె గదికి తీగమీద ప్రయాణం చేసి వస్తుందని అనుకోకండి. కరెంటుకు ఎవరి పేరూ రాసి ఉండదు. దగ్గరలో ఎవరికి అవసరమైతే వారు వాడేసుకుంటారు. విద్యుత్తు కంపెనీవారు రెండు పద్దులు రాసుకుంటారు, అంతే. ఈ పద్దుల విద్యకే వర్చువల్ నెట్ మీటరింగు అని పేరు. ఢిల్లీలో 2019లోనే దీనికి నియమాలు ఏర్పరచారు. డాబా ఉండనక్కరలేదు, సొంత ఇల్లు ఉండనక్కరలేదు. ఒక్కటి మాత్రం ఉండాలి. అదేమిటో కొంచెం ఆగి చెబుతాను.

న్యూజెర్సీలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. అక్కడ అపార్టుమెంటులో అద్దెకుంటున్నాడు. వాడు ఫోనులో "అక్కా, మాకూ సోలార్ ఉంది తెలుసా? ఎక్కడుందో నేను చూడలేదు గాని, బిల్లు తగ్గుతోంది" అంటే మొదట నాకు పరిహాసంగా తోచింది. తరువాత విచారిస్తే నిజమే. ఆ రాష్ట్రంలో 2019లో ప్రయోగంగా ప్రారంభించి, 2023లో స్థిరం చేశారట. అక్కడి నియమం ఒకటి నాకు చాలా నచ్చింది. ఒక్కొక్క ఉమ్మడి కేంద్రంలో కనీసం నూటికి 51 వాటాలు తక్కువ, మధ్యతరగతి ఆదాయాలవారికే ఇవ్వాలి. నీ ఆదాయం తక్కువని నాలుగు ఆఫీసులు తిరిగి కాగితాలు తెమ్మనరు. సంతకం పెట్టి చెబితే చాలు. బీదవాడు బీదవాడినని రుజువు చేసుకోవడానికి పెట్టే ఖర్చే ఒక్కొక్కప్పుడు వచ్చే లాభంకంటే ఎక్కువని మన తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంకో రాష్ట్రం, కొలరాడో, 2010లోనే ఇటువంటి వాటికి చట్టం చేసి, "సౌరతోటలు" అని ముచ్చటైన పేరు పెట్టింది.

అక్కడంతా సవ్యంగా ఉన్నదనుకోకండి. తక్కువ ఆదాయంవారికి సౌరవిద్యుత్తు అందించడానికని 2024 ఏప్రిల్‌లో అమెరికా కేంద్రప్రభుత్వం 700 కోట్ల డాలర్లు 60 సంస్థలకు మంజూరు చేసింది. 2025 ఆగస్టులో, గద్దె మారిన తరువాత, అదే ప్రభుత్వశాఖ ఆ పథకాన్ని రద్దు చేసింది. పాతికేళ్ళు పనిచేసే పలకలకు నాలుగేళ్ళ ప్రభుత్వాలమీద ఆధారపడడంలోని చిక్కు ఇది.

ధర్నయి కథ

మన దేశంలోకి వద్దాం. బీహారులో జెహానాబాదు జిల్లాలో ధర్నయి అనే ఊరున్నది. ఉమ్మడి సౌరవిద్యుత్తును గురించి మాట్లాడేవారంతా ఈ ఊరి కథ తెలుసుకుని తీరాలని నా అభిప్రాయం. కొందరు దీనిని నవ్వుకోవడానికి చెబుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఆ ఊళ్ళో సుమారు ముప్ఫై ఏళ్ళపాటు కరెంటు లేదు. ఒకప్పుడు స్తంభాలు ఉండేవి, పోయాయి. కిరసనాయిలు దీపాలతోనూ, పిడకలతోనూ ఒక తరం పెరిగింది. 2014లో గ్రీన్‌పీస్ సంస్థ, మరి రెండు సంస్థలతో కలిసి, అక్కడ వంద కిలోవాట్ల ఉమ్మడి కేంద్రం కట్టింది. ఖర్చు మూడుకోట్లదాకా అయింది. సుమారు 450 ఇళ్ళకు, యాభై దుకాణాలకు, బడులకు, ఆసుపత్రికి, వీధిదీపాలకు కరెంటు వచ్చింది. పెద్ద తీగలతో సంబంధం లేదు. పగలు వచ్చిన కరెంటు బ్యాటరీలలో నింపుకుని రాత్రి వాడుకోవాలి. దేశమంతా పత్రికలలో బొమ్మలు పడ్డాయి.

ఆ ఆగస్టులో మాజీ ముఖ్యమంత్రి నితీశ్‌కుమార్ ఆ కేంద్రాన్ని చూడడానికి వచ్చారు. ఊరివారిలో కొందరు ఆయన ముందు నిలబడి, తమకు ఈ ఉత్తుత్తి కరెంటు వద్దు, అసలైన కరెంటు కావాలని కేకలు వేశారు.

ఎంత కృతఘ్నులో అనిపిస్తుంది గదూ? కాని వారి ఇళ్ళలో గోడకు అంటించిన పట్టిక చూడండి. దీపాలు వేసుకోవచ్చు, తక్కువ కరెంటు పుచ్చుకునే టీవీ పెట్టుకోవచ్చు. అన్నం వండే కుక్కరు కూడదు, నీళ్ళు కాచుకునే హీటరు కూడదు, ఎయిర్‌కూలరు కూడదు, ఇస్త్రీపెట్టె కూడదు. యూనిట్టు ధర చూస్తే, పక్క ఊళ్ళో స్తంభం కరెంటుకు ఇచ్చేదానికి మూడింతలదాకా. అంటే పట్నంలో ఉన్నవాడికి చవకగా ఎంత కావాలంటే అంత. పల్లెలో ఉన్నవాడికి ఖరీదుగా, కొలిచి కొలిచి కొంచెం. పైగా భూమండలం వేడెక్కకుండా కాపాడే బాధ్యత ఈ రెండోవాడిమీదనే పెట్టారు. కేకలు వేయక ఏం చేస్తారు?

మాజీ ముఖ్యమంత్రి వచ్చి వెళ్ళిన కొద్దిరోజులలోనే ప్రభుత్వం కరెంటు తీగ ఊళ్ళోకి వచ్చింది. చవక కరెంటు రాగానే జనం అటు మళ్ళారు. సౌరకేంద్రానికి రాబడి తగ్గింది. మూడు నాలుగేళ్ళకు బ్యాటరీల ఆయుష్షు తీరింది. కొత్తవి కొనడానికి డబ్బెవరిస్తారు? తరువాత పత్రికలవారు వెళ్ళి చూస్తే ఆ పలకలకింద నీడన పశువులను కట్టేసి ఉన్నారు.

ధర్నయి జనం సూర్యుణ్ణి వద్దనలేదు. రెండోతరగతి కరెంటును వద్దన్నారు, అంతే. బీదవారికోసమని విడిగా, బుల్లిగా, తీగలకు దూరంగా పెట్టే ఏర్పాటు ఏదైనా ఇట్లాగే అవుతుందని నాకు తోస్తుంది. ఉమ్మడి కేంద్రం పెద్ద తీగకు కలిసి ఉండాలి. ఇస్త్రీబండి ఆమె గదిలోకి వచ్చే కరెంటు కలెక్టరుగారి బంగళాలోకి వచ్చే కరెంటే కావాలి. తగ్గవలసింది బిల్లు, ఫ్యాను వేగం కాదు.

ఈ దారిలో చేసి చూపించిన ఊరు గుజరాతులో ఉన్నది. మొధేరా అంటే ప్రాచీన సూర్యదేవాలయం ఉన్న గ్రామం. దానిని 2022 అక్టోబరులో రాత్రింబగళ్ళు సౌరవిద్యుత్తుతో నడిచే గ్రామంగా ప్రకటించారు. ఇళ్ళమీద కిలోవాటు చొప్పున 1,300 పైగా పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. పక్కనున్న సుజ్జన్‌పురా దగ్గర నేలమీద 6 మెగావాట్ల కేంద్రం, దానితోబాటు బ్యాటరీల నిలవ కూడా కట్టారు. ఖర్చు 80 కోట్ల చిల్లర. కేంద్రమూ రాష్ట్రమూ చెరిసగం పెట్టుకున్నాయి. అంత సొమ్ము ప్రతి ఊరికీ ఎవరు పోస్తారన్నది నిజమే. నేలమీద ఉమ్మడిగా కట్టినదానికి ఏ ఇంటి కప్పుతోనూ పనిలేదన్న సంగతి మాత్రం అక్కడ కళ్ళకు కడుతుంది.

తెలంగాణాలో నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లె, ముఖ్యమంత్రి సొంత ఊరు, 2025లో పూర్తి సౌరగ్రామం అయింది. అక్కడ 480 ఇళ్ళమీద మూడేసి కిలోవాట్లు పెట్టారు. ఎంతైనా మెచ్చుకోవలసినదే. ఊళ్ళో ఇళ్ళు 514. తక్కిన ముప్ఫై నాలుగు మట్టి ఇళ్ళు, పలకలు నిలవవు. ఆ ముప్ఫై నాలుగు ఇళ్ళే నాకు మళ్ళీ మళ్ళీ మనస్సులో మెదులుతున్నాయి.

లెక్క ఎవరికి కిట్టుతుంది?

ఇక్కడొక విచిత్రమున్నది. యూనిట్టుకు 1 రూపాయి 90 పైసలు కట్టే బీదవాడికి సౌరపలకవల్ల మిగిలేది ఆ 1 రూపాయి 90 పైసలే. 9 రూపాయల 75 పైసలు కట్టే ధనవంతుడికి అదే పలకమీద అంతా మిగులుతుంది. అందుకనే కంపెనీలవారు పెద్ద మేడల తలుపులు తడతారు గాని చిన్న ఇంటివైపు చూడరు. బీదవాడికి సౌరవిద్యుత్తువల్ల అసలు లాభం పొందేది బీదవాడికంటే ప్రభుత్వమే. ఎందువల్లనంటే, చవకగా ఇవ్వడంలో వచ్చే నష్టం నెలనెలా ప్రభుత్వమే భరిస్తున్నది. తెలంగాణాలో 2024నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లదాకా ఉచితం. ఆంధ్రలో షెడ్యూల్డు కులాలవారికీ తెగలవారికీ 200 యూనిట్లదాకా ఉచితం ఉన్నది. ఆ సొమ్ము విద్యుత్తు కంపెనీలకు ఖజానానుంచి పోవాలి.

ఒక బీద కుటుంబానికి నెలకు అరవై యూనిట్లు అనుకుంటే అరకిలోవాటు వాటా చాలు. దాని ఖరీదు పాతికవేలు, మరికాస్త. సంవత్సరానికి 720 యూనిట్లు. యూనిట్టుకు అయిదు రూపాయల చొప్పున ప్రభుత్వానికి నష్టం తప్పుతుందని వేసుకున్నా ఏడాదికి రు. 3,600. ఏడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. పలక పాతికేళ్ళు పనిచేస్తుంది. ఈ లెక్క ప్రభుత్వాలకు తట్టలేదని కాదు. కేంద్రం 2024 డిసెంబరులో ఇచ్చిన నియమాలలో, ఇంటివారు చేతినుంచి సొమ్ము పెట్టకుండా విద్యుత్తు కంపెనీలే సామూహికంగా పలకలు వేయించే పద్ధతిని చేర్చారు. ఆంధ్రప్రభుత్వం షెడ్యూల్డు కులాల, తెగల వారి ఇళ్ళమీద రెండేసి కిలోవాట్లు ఉచితంగా పెట్టే పని ఎత్తుకున్నది. అయితే అక్కడా "ఇళ్ళమీద" అన్న మాట ఉన్నది చూడండి.

డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు కర్ణాటకలోని సెల్కో సంస్థను తలుచుకోవాలి. 1995లో దానిని ప్రారంభించినవారిలో ఒకరైన హరీష్ హందేకు 2011లో మెగసెసే బహుమతి వచ్చింది. నెలకు మూడువందలంటే మావల్ల కాదుగాని రోజుకు పది రూపాయలంటే ఇవ్వగలమని ఒక వీధి వ్యాపారి తనకు నేర్పిన పాఠాన్ని ఆయన అనేకచోట్ల చెప్పుకున్నారు. జీతం ఒకటో తారీకున పుచ్చుకునే మనబోటివాళ్ళకు ఈ రెండూ ఒకటే. ఏ పూటకాపూట సంపాదించుకునేవారికి ఒకటి కాదు. మా ఇస్త్రీ ఆమె కూడా కరెంటు డబ్బు ఇంటాయనకు వారానికి నూటయాభై చొప్పునే ఇస్తుంది.

ఇక బాగోగులు చూసేదెవరన్న ప్రశ్న. పలకమీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. మాది సముద్రపుగాలి; ఇనుప చట్రం తుప్పు పడుతుంది. తుపానులు సరేసరి. రాజస్థానంలో తిలోనియా అనే ఊళ్ళో 1972లో పెట్టిన బేర్‌ఫుట్ కళాశాలలో చదువురాని అమ్మమ్మలకు సౌరదీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతున్నారు. ఆఫ్రికానుంచికూడా మనుమలనెత్తిన ముసలమ్మలు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. మన పొదుపుసంఘాల ఆడవాళ్ళు పలకలు తుడిచి లెక్క రాయలేరా? ధర్నయిలో ఆ పనికి, బ్యాటరీ కొనడానికి మొదటిరోజునుంచే నెలకింత అని విడిగా తీసి ఉంచినట్లయితే కథ కొంచెం వేరుగా ఉండేదేమో.

ఇందాక ఆగి చెబుతానన్న సంగతి ఇప్పుడు చెబుతాను. ఉమ్మడి కేంద్రంలో వాటా ఇవ్వాలంటే, ఆ వాటా జమకట్టడానికి ఒక మీటరు, దానికొక నంబరు ఉండాలి. మీటరు లేనివారికి సూర్యుణ్ణి తెచ్చి చేతికిచ్చినా రాసుకోవడానికి పద్దు లేదు. పలకకంటే ముందు గది గదికీ విడి మీటరు రావాలి. ఇంటివెనక గదులు అద్దెకిచ్చుకున్న పాఠకులు ఎందరో ఉంటారు. విడి మీటరుకు ఒప్పుకుంటున్నానని ఇంటివారు రాసిచ్చే కాగితం ఒక్కటి, అంతే. ఆ కాగితంతో 600 కట్టేచోట 147 కడతారు, ఉమ్మడి కేంద్రం వచ్చినా రాకపోయినా.

మా కాలేజీ కప్పు పెద్దది. వేసవి సెలవులలో ఎండ మెండుగా కాసేరోజులలో లోపల ఒక్క ఫ్యాను తిరగదు. మా విద్యార్థులు టేపు పట్టుకుని కొలిస్తే నీడ పడని జాగా పదివేల చదరపుటడుగులు తేలింది. అంటే వంద కిలోవాట్లు. నెలకు 12,000 యూనిట్లు. అరవై చొప్పున 200 ఇళ్ళు. కప్పుకు బెజ్జాలు పెడితే వానకు కారుతుందని ప్రిన్సిపాలుగారి భయం. పోయిన శ్రావణంలో లైబ్రరీలో కారి పుస్తకాలు తడిసినప్పుడు ఏడ్చినదాన్ని నేనే గనుక ఆ భయాన్ని తేలికగా తీసిపారేయలేను. బెజ్జాలు లేకుండా బరువు దిమ్మలమీద నిలబెట్టే పద్ధతి ఉన్నది. కాని తుపానుగాలికి ఆగాలంటే దిమ్మలు బరువుగా ఉండాలి, ఆ బరువును స్లాబు మోయాలి.

పోయిన నెలలో ఒక ఇంజనీరుగారు వచ్చి చూసిపోయారు. పడమటివైపు స్లాబు పాతది, నమ్మడానికి లేదన్నారు. తూర్పువైపు ఆరువేల చదరపుటడుగులు పనికి వస్తాయన్నారు. అంటే అరవై కిలోవాట్లు, 120 ఇళ్ళు. ఆ జాబితా తయారుచేసే పని నామీద పడింది. పేరు, వీధి, మీటరు నంబరు అని మూడు గళ్ళు గీసుకున్నాను. మా వీధి చివరి ఆరు గదులవీ మొదటే రాశాను. ఇంటాయన రెండు గదులకు కాగితం రాసిచ్చారు. తక్కిన నాలుగింటికీ మూడో గడి ఇంకా ఖాళీగా ఉన్నది.